కోటువాడు, లాంతరు పిల్ల, మా అన్నయ్య

గేము ఏడో భాగం మొదలుపెట్టిన మూడో గంటలో నేను చేతిలోని కంట్రోలరు దివాన్ మీదికి విసిరికొట్టాను. అది ఎగిరి నేలమీద పడింది. పగల్లేదని చూసుకుని, తీసి, మళ్ళీ విసిరాను. వంటింట్లోంచి అమ్మ “ఏటయిందే?” అని కేకేసింది.

“ఏటీ నేదమ్మా. కోటోడు పాడైపోనాడు.”

అమ్మకి కోటువాడు తెలుసు. ఇరవై ఏళ్ళకి పైగా మా ఇంట్లో పేరు నలుగుతున్నవాడే. “ఆడి సంగతి తరవాత. అన్నియ్యకి ఫోన్ సేసావా?” అంది. నేను టీవీ కట్టేసి, ఆరిన బట్టలు మడతపెట్టడానికి డాబా మీదికి పోయాను. అప్పటికి అవి ఇంకా ఆరనే లేదు.

అన్నయ్యతో మాట్లాడి అప్పటికి నాలుగు నెలలు. నాన్న పోయిన పదకొండో రోజున, శ్రీకాకుళం నుంచి మా హిందీ ఊరికి వచ్చిన చుట్టాలందరి ముందూ నేను అతన్ని ఒక మాట అన్నాను. ఆ మాట అన్నందుకు పశ్చాత్తాపపడాలో, ఇంకా నాలుగు అనాల్సిందని పళ్ళు నూరాలో తేలక, నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఉన్న ఒక్క అన్న పోతాడేమోనన్న భయం ఒకపక్క. పోతే పోనీ అన్న తిక్క ఇంకోపక్క. అందుకే కాబోలు, అన్నయ్య మీద కోపమంతా నేను ఆ గేము రాసినవాళ్ళ మీద చూపించడం మొదలుపెట్టాను.

ఆ గేము సంగతి చెప్పాలి. ఎప్పుడూ వాన పడే ఒక రేవు ఊరు. మోకాళ్ళ దాకా బూడిదరంగు కోటు వేసుకున్న ఒకప్పటి దొంగ. అతని వెంట దారి చూపిస్తూ లాంతరు పట్టుకుని నడిచే ఒక చిన్నపిల్ల. వాళ్ళకి వేరే పేర్లున్నాయి గానీ మా ఇంట్లో వాళ్ళు కోటోడు, లాంతరు పిల్ల. భాగాలు ఏడు వచ్చాయి. కథ రాసినవాళ్ళు మాత్రం ప్రతి భాగానికీ మారిపోయారు. ఒకడు రాసింది ఇంకొకడు చదవలేదని నా గట్టి నమ్మకం. మన కళ్ళముందే సముద్రంలో మునిగిపోయిన మనిషి రెండు భాగాల తరవాత గడ్డం పెంచుకుని తిరిగొస్తాడు. ఎలా బతికావురా నాయనా అని అడిగే నాథుడు లేడు. మనల్ని వణికించిన శత్రువు ఆరో భాగానికి జోకులేసే వంటవాడైపోయాడు. ఇక ఆడవాళ్ళ గతి చెప్పనక్కర్లేదు. కోటువాడికి కోపం తెప్పించాలంటే ఒక ఆడమనిషిని చంపాలి, అంతే, వేరే దారి తెలీదు వాళ్ళకి. ఆ కోపం ఆ భాగంతో సరి. తరవాతి భాగంలో ఆమె పేరైనా ఎత్తడు. నేను లెక్కల టీచర్ని. పై మెట్టులో ఉన్న అంకె కింది మెట్టులో మాయమైతే ఎర్రపెన్నుతో సున్నా చుడతాను. వీళ్ళకి చుట్టేవాళ్ళు లేకపోయారు.

అయినా అన్నీ సహించాను. ఏడో భాగంలో ఒక వంతెన మీద ముసలాయన ఒకడు కోటువాణ్ణి అడుగుతాడు, జీవితంలో ఎప్పుడైనా ఎవరినైనా క్షమించమని అడిగావా అని. కోటువాడు ఇంతెత్తున కాలర్ ఎగరేసి, ఎవరినీ అడగలేదు, అడగబోను అంటాడు. వెనక డప్పులు, బూరలు. అదేదో గొప్పయినట్టు! నాకు ఒళ్ళు మండిపోయింది. ఎందుకంటే అది పచ్చి అబద్ధం. రెండో భాగంలో అతను అడిగాడు. లాంతరు పిల్లని అడిగాడు. నేను చూశాను. తొమ్మిదేళ్ళప్పుడు, ఎడమచేతికి పిండికట్టుతో, ఉక్కు ప్లాంటు వాళ్ళ సెక్టర్ 6 క్వార్టర్లో గచ్చు మీద కూర్చుని చూశాను.

ఆ పిండికట్టుకి కారణం అన్నయ్యే. మా వీధి చివర ఖాళీ బంగళా ఒకటి ఉండేది, దాని పెరట్లో జామచెట్టు. నాకన్నా అయిదేళ్ళు పెద్ద అన్నయ్య. నన్ను చెట్టెక్కించి, కింద నిలబడి, దోరవే కొయ్యమని సైగలు చేస్తున్నాడు. చౌకీదారు కర్ర పట్టుకుని అటు మూలనుంచి వచ్చాడు. అన్నయ్య ఒక్క అంగలో గోడ దూకేశాడు. నేను కొమ్మ మీద. “భయ్యా, భయ్యా” అని అరిచాను. అతను వెనక్కి చూడలేదు. నేను కంగారులో దిగబోయి పడ్డాను. నన్ను ఎత్తుకుని ఇంటికి తెచ్చింది, పాపం, ఆ చౌకీదారే. అన్నయ్య చీకటి పడే వేళకి వచ్చాడు. గ్రౌండులో క్రికెట్ ఆడుతున్నానని ఇంట్లో చెప్పాడు. నేను కాదనలేదు. ఆ మోచెయ్యి నేను ఇప్పటికీ పూర్తిగా చాపలేను.

ఆ సంగతి గురించి అన్నయ్య నాతో ఒక్క మాట మాట్లాడలేదు. కానీ ఆ వేసవి సెలవులంతా ఇంట్లోంచి కదల్లేదు. సుపేలా బజారులో ఎవరో అమ్మేసిన పాత గేము మిషనూ, కోటువాడి డిస్కులు మూడూ పట్టుకొచ్చాడు. నేను ఒంటిచేత్తో ఆడలేను కాబట్టి అతను ఆడతాడు, నేను చూస్తాను. అయితే మా ఇంట్లో ఏ ఆటయినా నోరు మూసుకునే ఆడాలి. నాన్న ప్లాంటులో షిఫ్టు ఉద్యోగి. సి షిఫ్టు వారమంటే రాత్రంతా మిల్లులో, పగలంతా మంచం మీద. సెక్టర్ మొత్తానికీ అది తెలిసిన మర్యాదే. సి షిఫ్టు మనిషి పడుకున్న ఇంటి ముందు సైకిలు బెల్లు కొట్టరు, కుక్కరు కూత వెయ్యనివ్వరు, పిల్లాణ్ణి కొట్టాలన్నా పక్కింటికి తీసుకెళ్ళి కొడతారు. కూలరు ఉన్నది ఒక్క గదిలో. నాన్న మంచం అక్కడే, టీవీ అక్కడే. అంచేత టీవీ గొంతు నొక్కేసి ఆడేవాళ్ళం. తెర కింద ఇంగ్లీషు అక్షరాలు పరుగులు తీసేవి. నాలుగో తరగతి దానికి అవి అందవు. అన్నయ్య తొమ్మిదో తరగతి, ఇంగ్లీషు మీడియం. వాటిని చదివి, నా చెవి దగ్గర నోరు పెట్టి, కథంతా తెలుగులో గుసగుసలాడేవాడు. మా క్లాసు పిల్లలకి ఆ గేము తుపాకుల చప్పుడు. నాకు మాత్రం అన్నయ్య ఊపిరి, కూలరు గడ్డి వాసన.

మొదటి భాగం చివర వంతెన కూలిపోతుంది. కోటువాడు పిల్లని వదిలేసి అవతలికి దూకేస్తాడు. లాంతరు నీళ్ళలో పడి ఆరిపోతుంది. తెర చీకటి.

“సచ్చిపోనాదా?” అని అడిగాను.

అన్నయ్య నా చేతికట్టు వంక ఓసారి చూశాడు. “నేదు. ఒడ్డుకి కొట్టుకుపోనాది. జైల్లో ఎట్టీసినారు దాన్ని” అన్నాడు.

రెండో భాగం మధ్యలో కోటువాడు ఏటి పక్కనున్న ఆ జైలుకి వెళ్తాడు. నీళ్ళ గట్టు మీద ఒక ఇనప జాలీ. వాన. కోటువాడు జాలీ ముందు నిలబడి, నెమ్మదిగా కిందికి వంగుతాడు. అన్నయ్య గొంతు నాకు ఇప్పటికీ వినబడుతుంది. “నిన్నొదిలీసి పారిపోనాను. సాయం పిలుద్దారనీ కాదు, ఏటీ కాదు. భయమేసింది. నేను సేసింది తప్పే. నన్ను సెమించు, అంటన్నాడు.”

“మరి పిల్లేటంది?”

“ఏటంటాది. తిన్నావా అని అడిగింది.”

నేను కిసుక్కున నవ్వాను. నాన్న మంచం మీద కదిలాడు. అన్నయ్య నా నోరు మూశాడు. ఆ రోజు నుంచి కోటువాడంటే నాకు ప్రాణం. తప్పు చేసినవాడు వచ్చి తప్పు చేశానని చెప్పగలడని నాకు మొదట నేర్పినవాడు అతనే. మూడో భాగంలో ఆ పిల్ల జైలు నుంచి తప్పించుకుని పెద్దదై, పడవ నడుపుతూ వస్తుంది. ఆ తరవాత మిషను పాడైంది, అన్నయ్య కాలేజీలో పడ్డాడు. నాలుగో భాగం నుంచి నేను ఒక్కదాన్నే, కొత్త మిషన్ల మీద ఆడుతూ వచ్చాను. పాత మూడింటినీ మళ్ళీ చూసిన పాపాన పోలేదు. అంత బాగా తెలిసిన కథని మళ్ళీ చూడటం దేనికి? కానీ నాలుగులో ఆ పిల్ల లేదు. అయిదులో లేదు. ఆరులో ఆమె ఊసే లేదు. అంత ముఖ్యమైన పాత్రని గాలికొదిలేశారే అని నేను భాగానికోసారి కుతకుతలాడేదాన్ని.

ఇప్పుడు నాన్న సంగతి. ఊపిరితిత్తుల జబ్బుతో ఆసుపత్రిలో పది రోజులున్నాడు. పది రోజులూ బడికి సెలవు పెట్టి నేనే కూర్చున్నాను. అన్నయ్య కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు, సాయంత్రాలు వచ్చి పోయేవాడు. పదో రోజు తెల్లారినప్పటి నుంచి నాన్నకి స్పృహ లేదు. మూతికి మాస్కు. పిలిస్తే కనురెప్ప కదల్లేదు. మధ్యాహ్నం అన్నయ్యని కుర్చీలో కూర్చోబెట్టి, స్నానం చేసొస్తానని ఇంటికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి నాన్న లేడు. అన్నయ్యా లేడు. “గంట నుంచి ఆ కుర్చీ ఖాళీగా ఉంది దీదీ” అంది నర్సు. కింద సైకిల్ స్టాండులో, రెండు స్కూటర్ల మధ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు మా అన్నయ్య. పైన ఏం జరిగిందో అతనికి నేనే చెప్పాల్సి వచ్చింది.

పదకొండో రోజు భోజనాల దగ్గర ఎవరో ముసలాయన “ఆఖర్న కొడుకు దగ్గరున్నాడు, అదృష్టవంతుడు” అన్నాడు. నా నోరు ఆగలేదు. “ఏటి దగ్గరున్నాడు? సిన్నప్పుడు సెట్టు మీద నన్నొదిలీసి పారిపోనాడు. ఇప్పుడు మంచం మీద నాన్ననొదిలీసి పారిపోనాడు. ఈడికి వొచ్చిందదే” అన్నాను. అన్నయ్య విస్తరి ముందు నుంచి లేచి, చెయ్యి కడుక్కుని, రిసాలిలో తన ఇంటికి వెళ్ళిపోయాడు. వదిన పిల్లాణ్ణి ఎత్తుకుని వెనకాలే వెళ్ళింది. అంతే. నాలుగు నెలలు.

కంట్రోలరు విసిరిన ఆదివారం సాయంత్రమే నేను నెట్లో ఆ గేము ఆడేవాళ్ళు పోగయ్యే చోట ఒక పెద్ద ఉత్తరం రాశాను. హిందీ, ఇంగ్లీషు కలిపి, కడుపులో ఉన్నదంతా కక్కేశాను. మనుషుల్ని తయారుచెయ్యడం మీకు రాదు, ఒక భాగంలో ఎదిగినవాణ్ణి తరవాతి భాగంలో మళ్ళీ మొదటికి తెస్తారు, రెండో భాగంలో జైలు జాలీ దగ్గర మోకరిల్లి క్షమాపణ అడిగినవాడు ఏడో భాగంలో ఎప్పుడూ అడగలేదని ఎలా అంటాడు అని నిలదీశాను. మర్నాడు బడిలో ఇంటర్వెల్లో ఫోను తీస్తే జవాబులు కుప్పలు. అందరిదీ ఒకటే ప్రశ్న. ఏ సీను?

చిర్రెత్తుకొచ్చింది. మీరింకా పుట్టలేదప్పటికి అని రాశాను. ఒకడు ఆ జైలు గట్టు ఉన్న వీడియో పంపాడు. చూశాను. అదే వాన, అదే జాలీ. కానీ జాలీ వెనక ఉన్నది బొర్ర వేసుకున్న ఒక జైలు కాపలావాడు. కోటువాడు వాడితో బేరమాడతాడు. వాడు తాళంచెవి కిందికి పడేస్తాడు. కోటువాడు దాన్ని తీసుకోడానికి వంగుతాడు.

నేను ఒప్పుకోలేదు. కొత్త కాపీలో కత్తిరించేశారు, పాత డిస్కులో ఉంది, నా దగ్గర సాక్షి ఉన్నాడు అని రాశాను. వారమంతా కొట్టుకున్నాను వాళ్ళతో. తొమ్మిదో తరగతి పేపర్లు దిద్దుతూ ఒకే పేపరు రెండుసార్లు దిద్దాను. అన్నం ముందు కూర్చుని లేచిపోయాను. “సాక్షిని తీసుకురా దీదీ” అని వాళ్ళు నవ్వుతున్నారు. ఉన్న సాక్షి ఒక్కడే. శనివారం దాకా గింజుకుని, ఆదివారం పదకొండు గంటలకి, నెత్తిన ఎండ దంచుతుంటే స్కూటీ తీశాను. సీను గురించే వెళ్తున్నానని నాకు నేను దారి పొడవునా చెప్పుకున్నాను. రెండుసార్లు ఆగి వెనక్కి తిప్పబోయాను కూడా.

వదిన తలుపు తీసి ఒక్క క్షణం గుమ్మంలోనే నిలబడిపోయింది. తరవాత “అరే, రా రా, ఎండలో ఏటిది” అని చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. “పెరట్లో ఉన్నారు. కూలర్ సాఫ్ చేస్తన్నారు.”

అన్నయ్య కూలరు తలుపులు మూడూ ఊడదీసి, కింద తొట్టెలో పేరుకున్న ఉప్పుని ఇనప బ్రష్షుతో గీకుతున్నాడు. బనీను తడిసిపోయింది. చిక్కిపోయాడు. నన్ను చూసి బ్రష్షు ఆపాడు, మళ్ళీ గీకాడు.

“ఏటే” అన్నాడు.

ఎన్నో అనుకుని వచ్చాను. నోట్లోంచి వచ్చింది మాత్రం ఇది. “రెండో భాగంలో జైలు దగ్గర కోటోడు ఆ పిల్లని సెమించమని అడిగినాడు కదా? ఆ సీను నేదంటన్నారు అందరూ. నువ్వు సూసావు కదా? సెప్పు.”

అన్నయ్య నా మొహం కేసి తేరిపార చూశాడు. నాలుగు నెలల తరవాత వచ్చి ఇది అడుగుతున్నానేమిటా అని కాబోలు. తరవాత తల దించుకున్నాడు.

“నేదు” అన్నాడు. “ఆ సీను నేదు. నేనే సెప్పాను.”

“అంటే?”

“అంటే ఏటే, నేనే కల్పించాను. అక్కడున్నోడు ఎవడో జైలోడు. మూడో దాన్లో పడవ నడిపినది కూడా వేరే పిల్ల.”

“మరి లాంతరు పిల్ల?”

“మొదటి దాన్లోనే సచ్చిపోనాది. వంతెన దగ్గర.” బ్రష్షు తొట్టెలో పడేశాడు. “నువ్వేమో సేతికి పిండికట్టుతో కూకుని, సచ్చిపోనాదా అని అడుగుతన్నావు. నిన్ను సూస్తా ఎలా సెప్పమంటావు? ఒకసారి బతికించీసాక మరి బతికుంచాలి కదా.”

నాకు మొదట కోపమే వచ్చింది. వారం రోజులుగా ఊరందరితో దెబ్బలాడి, వెర్రిదాన్నయ్యానే అని. ఆ కోపం కాస్తా ఏడుపైపోయింది. ఆ జాలీ దగ్గర క్షమాపణ అడిగింది ఎవరో, ఎవరిని అడిగారో నాకు అర్థమైంది. అడిగినవాడు నా చెవి పక్కనే ఉన్నాడు. నేను కిసుక్కున నవ్వి ఊరుకున్నాను. కథ రాయడం రాదని ఏడుగురిని తిట్టానే గానీ, నేను ఇన్నేళ్ళు ప్రేమించిన కథ రాసినవాణ్ణి చుట్టాల్లో నిలబెట్టి చీవాట్లు పెట్టాను.

“పదకొండో రోజు నేనలాగ అనకుండా ఉండాల్సింది” అన్నాను.

“అన్నది నిజవేగా.”

“నిజవే. అయినా అనకూడదు.”

అతను తొట్టెలోకి మగ్గుతో నీళ్ళు పోశాడు. పాచి నీళ్ళు నా చెప్పుల దాకా పారాయి. నాకు తెలుసు, ఇప్పుడు కూడా తలుపు దాటి లోపలికి పోవడం అతనికి సులువు. మగ్గు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

“నాన్న ఆ రోజు నీ గురించి అడిగినాడే” అన్నాడు, నా వైపు చూడకుండా.

నేను కళ్ళు తుడుచుకోవడం ఆపాను.

“నువ్వటు ఎల్లగానే కళ్ళు తెరిసినాడు. అదెక్కడరా అన్నాడు. ఇంటికెల్లింది, వొస్తాది అన్నాను. దాన్ని పడుకోమను, పది రోజులయింది నిద్దరోయి, అన్నాడు. అదే నేకపోతే నేనేటయిపోదునురా అన్నాడు.”

నేను లెక్కల టీచర్ని. మాస్కు ఉన్న మనిషి మాట్లాడడు. తెల్లారినప్పటి నుంచి స్పృహ లేనివాడు మధ్యాహ్నం కళ్ళు తెరిచి నిద్ర గురించి చెప్పడు. అన్నిటికన్నా పెద్ద తప్పు, నాన్న అలా మాట్లాడే మనిషే కాదు. ముప్ఫై ఆరేళ్ళలో నన్ను మెచ్చుకుంటూ ఒక్క మాట అనలేదు. స్వభావం కుదరలేదు, సమయం కుదరలేదు, సాక్ష్యం లేదు. ఇదే ఏ గేములోనో కనబడి ఉంటే నాలుగు పేజీలు చీల్చి చెండాడేదాన్ని.

అన్నయ్య ముక్కు ఎగబీల్చుకుని, గోడ కేసి చూస్తూ నిలబడ్డాడు. నేను నమ్ముతానో లేదోనని అతని చెవులు ఎర్రబడ్డాయి. పక్కనున్న బకెట్టు బోర్లించి, దానిమీద కూర్చున్నాను.

“ఇంకేటన్నాడు?” అని అడిగాను.